చెవి కోరిక, చేతి సొమ్ము

ఖరీదైన వస్తువు ఏదైనా కొనదలచినప్పుడు మన యువకులు మౌల్వీని అడిగే ప్రశ్న ఒకే రీతిలో ఉంటుంది: అది జాయెజేనా? జాయెజ్ అన్న మాట చెవిన పడితే చాలు, ఇక ఆలోచించవలసినది ఏమీ లేదన్నట్టు లేచి వెళతారు. నిజానికి ఆలోచన మొదలు కావలసినది అక్కడి నుండే. ధర్మసమ్మతమైన వస్తువులు బజారులో లెక్కకు మించి ఉన్నాయి. మన చేతిలోని సొమ్ముకు మాత్రం లెక్క ఉంది.

రెంజల్‌కు చెందిన నా పూర్వ విద్యార్థి ఒకడు గత సంవత్సరం ఇటువంటి ప్రశ్నతోనే వచ్చాడు. వయస్సు 26. బోధన్‌లో మోటార్ల మరమ్మతు పని. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. తండ్రి ఒక బియ్యం మిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. కుర్రవాడు రెండేళ్ళపాటు నెలనెలా కొంత దాచి రూ.38,000 కూడబెట్టాడు. హైదరాబాద్‌లో ఒక మిత్రుని ఇంట విన్న స్పీకర్ల జత, దానికి తగిన యాంప్లిఫయర్ కలిపి దాదాపు అంతే అవుతుందట. "మౌల్సాబ్, ఖారీ సాబ్ రెండు ఆయత్‌ల నడుమ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది" అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు అతని ముఖంలో కనిపించినది ఇరుగుపొరుగుకు చూపించుకోవాలన్న ఆరాటం కాదు. చక్కని ధ్వనిని ఒక్కసారి రుచి చూసిన చెవి మళ్ళీ దానినే వెతుక్కుంటున్నది.

ఆ పెట్టెలలో ఏమి వినవచ్చును, ఏమి వినరాదు అన్నది వేరొక చర్చ. ఉలమాల మధ్య సుదీర్ఘంగా సాగినది, ఒక్క వ్యాసంలో తేలేది కాదు. దాని జోలికి ఇక్కడ వెళ్ళడం లేదు. తిలావత్, నాత్‌లు, ప్రసంగాలు, వార్తలు వినే ఇంటికి కూడా ధర ప్రశ్న ధరగానే మిగిలి ఉంటుంది. పరిమితమైన ఆదాయం గల కుటుంబం ధ్వని కొరకు ఇంత సొమ్ము వెచ్చించవచ్చునా?

ముందుగా ఒక మాట. ఈ కోరికను చులకన చేయడం నాకు సమ్మతం కాదు. మన పెద్దలు కొందరు ఇటువంటి సందర్భాల్లో "ఇదంతా దునియా" అని ఒక్క మాటతో కొట్టివేస్తారు. మధుర స్వరాన్ని ఇష్టపడటం తక్కువ విషయమేమీ కాదు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) రాత్రివేళ ఖుర్ఆన్ పారాయణం చేస్తూ ఉండగా దైవప్రవక్త (సఅసం) ఆగి ఆలకించారు. ఆయనకు దావూద్ (అలైహి) వంశపు స్వరమాధుర్యం లభించిందని మెచ్చుకున్నారు. మంచి కంఠం దైవానుగ్రహమైతే, దానిని ఆస్వాదించే చెవి కూడా అనుగ్రహమే కదా.

మన ప్రాంతానికి ఈ మక్కువ కొత్తది కూడా కాదు. మంజీరపై 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీరు, బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం కలిసి ఈ పల్లెలకు చెరకు సొమ్ము రుచి చూపించాయి. రేడియో పెట్టె ఆ సొమ్ముతోనే కొన్ని ఇళ్ళలోకి వచ్చింది. తరువాతి తరంలో సౌదీ, దుబాయి, కువైట్ దేశాలకు వెళ్ళినవారు తిరిగివచ్చేటప్పుడు కంబళ్ళు, అత్తరు సీసాలతోపాటు టూ-ఇన్-వన్ టేప్‌రికార్డరు తెచ్చేవారు. దానిని బీరువాపై పెట్టి, అల్లికల గుడ్డ కప్పేవారు. నేను తాలిబె ఇల్మ్‌గా ఉన్న రోజులలో మిస్ర్ దేశపు ఖారీ అబ్దుల్ బాసిత్ అబ్దుస్సమద్ స్వరాన్ని మొదటిసారి విన్నది అటువంటి పెట్టెలోనే. దాని స్పీకరు అరచేతి కంటె పెద్దది కాదు. అయినా వింటూ లేవలేకపోయాము.

అదే పెట్టెలో ఇంకొకటి కూడా వినేవారు. గల్ఫ్‌లో ఉన్నవారు ఉత్తరానికి బదులు తమ మాటలను క్యాసెట్‌లో నింపి, సెలవుపై వచ్చే వారి చేతికిచ్చి పంపేవారు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వినేవారు. టేపు గరగరలాడేది, వెనుక ఏసీ హోరు వినిపించేది. ఎవరూ ఫిర్యాదు చేసినట్టు నాకు గుర్తులేదు. ధ్వని నాణ్యతకు విలువ లేదనడానికి ఈ మాట చెప్పడం లేదు. వినాలన్న ఆసక్తికి, వినిపించే సాధనానికి మధ్యనున్న దూరం ధరపట్టీలో కనబడదని గుర్తు చేస్తున్నాను, అంతే.

ఇక కుర్రవాడి ప్రశ్నకు వద్దాము. ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి 'మువత్తా'లో ఒక సంఘటన ఉంది. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) మాంసం తీసుకుని వెళుతుండగా హజ్రత్ ఉమర్ (రజి) ఎదురై అదేమిటని అడిగారు. తినాలనిపించి ఒక దిర్హమ్‌కు కొన్నానని ఆయన చెప్పారు. పొరుగువాని కొరకో, పినతండ్రి బిడ్డ కొరకో తన కడుపు కాస్త కట్టుకోవాలని మీలో ఎవరికీ అనిపించదా అన్న అర్థంలో హజ్రత్ ఉమర్ (రజి) మందలించారు. మాంసం హలాల్ కాదని ఆయన అనలేదు. ఒక దిర్హమ్ మరీ ఎక్కువ అని కూడా అనలేదు. చూపును వస్తువుపై నుండి పక్కనున్న మనిషిపైకి మళ్ళించారు.

నేను అదే అడిగాను: ఇంట్లో ఎవరి అవసరం ఆగి ఉన్నది? అతడు వేళ్ళపై లెక్కించాడు. అప్పు లేదు. చెల్లెలి కాలేజీ రుసుము కట్టడమైనది. కిరాణా ఖాతా సరిపోయింది. "అబ్బాకు మాత్రం సరిగ్గా వినపడదు. టీవీ పెద్దగా పెట్టుకుంటాడు. పెద్ద స్పీకర్లు వస్తే ఆయనకూ వినిపిస్తుంది" అన్నాడు.

ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. చాలా ఇళ్ళలో ఇదే పొరపాటు అవగాహన ఉంది గనుక కొంత వివరంగా చెబుతాను.

ఆరోగ్యవంతమైన చెవి సెకనుకు 20 కంపనాల నుండి 20,000 కంపనాల వరకు గల ధ్వనులను గ్రహించగలదని విజ్ఞానశాస్త్రం చెబుతుంది. వయస్సుతోపాటు మొదట తగ్గిపోయేవి పై అంచునున్న సన్నని ధ్వనులు. యంత్రాల రొదలో ఏళ్ళ తరబడి పనిచేసినవారిలో 4,000 కంపనాల పరిసరాల్లో వినికిడి ముందుగా దెబ్బతింటుంది. మాటలోని అచ్చులు కింది స్థాయిలో, బరువుగా ఉంటాయి. స, ష, ఫ వంటి హల్లుల పదును పై స్థాయిలో ఉంటుంది. కాబట్టి అటువంటి వ్యక్తికి ఎదుటివారు మాట్లాడుతున్నారని తెలుస్తుంది గాని, ఏమి అన్నారో తెలియదు. "వినబడుతుంది, అర్థం కాదు" అని మన ముసలివారు చెప్పేది అక్షరాలా నిజం. శబ్దం పెంచితే బరువు ధ్వనులు మరింత బరువెక్కుతాయి, పోయిన హల్లు తిరిగి రాదు. పైగా ఇంట్లో తక్కినవారి చెవులకు ముప్పు. వారానికి 40 గంటలు వినేటట్లయితే 80 డెసిబెల్‌లు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. శబ్దం పెరిగిన కొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి.

కావలసినది స్పీకరు కాదు, వినికిడి పరీక్ష. ఏ స్థాయి ధ్వని ఏ చెవికి ఎంత మేరకు వినబడుతున్నదో కాగితంపై గీసి చూపించే పరీక్ష అది. దానిని బట్టి పోయిన స్థాయిని మాత్రమే పెంచేటట్టు వినికిడి యంత్రాన్ని సరిచేస్తారు. పరీక్ష లేకుండా బజారులో అమ్మే యంత్రాలు అన్నింటినీ ఒకే విధంగా పెంచి తలనొప్పి తెస్తాయి. తక్కువ ఆదాయం గల కుటుంబాలకు వినికిడి యంత్రాలతో సహా సహాయక పరికరాలు అందించే ఏడీఐపీ అనే కేంద్ర ప్రభుత్వ పథకం 1981 నుండి ఉంది. మన మహల్లాలలో దాని సంగతి ఎరిగినవారు అరుదు. విచారించవలసినది.

కుర్రవాడు తండ్రికి పరీక్ష చేయించాడు. పరీక్ష, రెండు చెవుల యంత్రాలు కలిపి రూ.17,000 అయినవి. అతని వద్ద రూ.21,000 మిగిలాయి. మిగిలినదానిని కూడా ఏదైనా పుణ్యకార్యంలో వెచ్చించమని నేను చెప్పి ఉంటానని కొందరు పాఠకులు అనుకోవచ్చు. చెప్పలేదు. హజ్రత్ సల్మాన్ (రజి) హజ్రత్ అబూ దర్దా (రజి)కు హితవు చెబుతూ ప్రభువుకు, ఇంటివారికి ఉన్నట్టే నీ స్వంత ప్రాణానికీ నీపై హక్కు ఉన్నదన్నారు, దైవప్రవక్త (సఅసం) దానిని సమర్థించారు. హక్కుదారుల హక్కు తీరిన పిమ్మట చెమటోడ్చి దాచిన సొమ్ముతో ఒక యువకుడు తన చెవికి హాయిగొలిపేది కొనుక్కుంటే దానిని ఇస్రాఫ్ అనడానికి నాకు ఆధారం కనబడదు. ఎంతకు, ఎలా కొంటున్నాడన్నదే చూడవలసినది.

రూ.38,000 ఉన్నప్పుడు మనస్సులో ఒకే జత ఉండేది. రూ.21,000తో బజారుకు వెళితే డబ్బాలపై ముద్రించిన అంకెలు మోసగించడం మొదలుపెడతాయి. మన దుకాణాలలో పెద్ద అక్షరాలతో కనిపించే పీఎంపీఓ వాట్‌లు ఏ స్థిరమైన కొలతకూ కట్టుబడి లేనివి. అరచేతిలో ఇమిడే పెట్టెపైనా వేలకొద్దీ రాసుకోవచ్చును. చూడవలసినది ఆర్ఎంఎస్ అంకె. దానికీ ఎక్కువగా మురిసిపోనక్కరలేదు. 50 వాట్‌లను 100 చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లే. ఆ తేడా చెవికి స్వల్పంగానే తెలుస్తుంది. ధ్వని రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు పదింతల శక్తి కావాలి. మామూలు గదిలో కూర్చుని తిలావత్ వినేందుకు చాలాసార్లు ఒకటి రెండు వాట్‌లు మించి ఖర్చు కావు. పెద్ద అంకె కొరకు ఇచ్చే అదనపు సొమ్ము మన చెవిదాకా చేరదన్నమాట.

అంకెలను నమ్మి భంగపడటం చదువురానివారికే జరుగుతుందనుకోవద్దు. బెంగాల్ నుండి అమెరికా వెళ్ళిన స్వాతంత్ర్య సమరయోధుని కుమారుడు అమర్ బోస్ అక్కడి ఎంఐటీలో విద్యుత్ శాస్త్రం చదివాడు. 1956లో సాంకేతిక వివరాలన్నీ పరిశీలించి మేలైనవని తోచిన స్పీకర్లను కొన్నాడు. ఇంటికి తెచ్చి వింటే అవి సభామందిరంలో విన్న ధ్వనికి దరిదాపులకు రాలేదు. కాగితంపై అంత గొప్పగా ఉన్నది చెవికి ఎందుకు చేదైనదన్న ప్రశ్నే అతనిని పరిశోధన వైపు నడిపించింది. 1964లో తన పేరుతో కంపెనీ పెట్టడానికి మూలం ఆ నిరాశ. సభలో మనకు చేరే ధ్వనిలో చాలా భాగం గోడలనుండి తిరిగి వచ్చినదే అన్నది అతడు గట్టిగా పట్టుకున్న విషయం.

కాబట్టి చెవితోనే కొనాలి. ఇందులో మన మదరసా పిల్లలకు ఇంజనీర్లకు లేని ఒక సదుపాయం ఉంది. తజ్వీద్ నేర్చిన చెవి సీన్, సాద్, థా అక్షరాలను విడదీసి వినగలదు. సీన్, థాల పదును ఎక్కువగా 4,000 కంపనాలకు పైనే ఉంటుంది. ట్వీటర్ నాసిరకమైతే రెండూ ఒకే రకపు ఉసూరుమన్న గాలిగా వినబడతాయి. అలాగే ఖల్‌ఖలా అక్షరాల తట్టును గమనించాలి. గుభగుభలాడే వూఫర్ సెట్లలో ఆ తట్టు వెనుక ఒక మూలుగు సాగుతుంది, అక్షరం తెగినట్టుండదు. గున్నా మితిమీరి ముక్కులోనే ఉండిపోతే మధ్యస్థాయిలో లోపం ఉన్నట్టు. దుకాణానికి వెళ్ళేటప్పుడు మీరు బాగా ఎరిగిన ఖారీ సాబ్ రికార్డింగు తీసుకువెళ్ళండి. షేక్ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ 1961లో వెలువరించిన సంపూర్ణ ముర్తల్ పారాయణం ఇందుకు ఎంతో అనుకూలం, ప్రతి అక్షరం దాని స్థానం నుండే పలుకుతుంది. దుకాణదారు వినిపించే దద్దరిల్లే ముక్కను మర్యాదగా ఆపమనండి. రెండు జతలను పోల్చేటప్పుడు శబ్దాన్ని సమానంగా ఉంచమని చెప్పడం మరువవద్దు. కాస్త బిగ్గరగా మోగినది చెవికి ఎప్పుడూ మేలుగా తోస్తుంది, అమ్మేవారికి ఆ సంగతి బాగా తెలుసు.

గది విషయం ఇంకా ముఖ్యం. పాత గూనపెంకుల ఇళ్ళలో మట్టిగోడ, పైకప్పు కొంత ధ్వనిని మింగేవి. ఇప్పుడు రెంజల్‌లోనూ, బోధన్‌లోనూ గల్ఫ్ సొమ్ముతో లేచిన స్లాబు ఇళ్ళలో నేల టైల్సు, గోడ నున్నన. చప్పట్లు కొడితే గది తిరిగి చప్పట్లు కొడుతుంది. అటువంటి గదిలో లక్ష రూపాయల పెట్టె పెట్టినా మాట చెదిరిపోతుంది. నేలపై జంపఖానా పరచండి. కిటికీకి మందపు పరదా కట్టండి. పుస్తకాల అల్మారా ఎదురుగోడకు చేర్చండి. స్పీకర్లను మూలనుండి మూరెడు ఇవతలకు జరిపితే గుభగుభ తగ్గుతుంది. ట్వీటర్ కూర్చున్నవారి చెవి ఎత్తున ఉండాలి. రెండు పెట్టెలు, వినేవారు ఒక సమభుజ త్రిభుజంలో ఉంటే ఖారీ స్వరం సరిగ్గా నడిమధ్యన నిలబడినట్టు వినిపిస్తుంది. ఈ మార్పులకు ఇంట్లో ఉన్న వస్తువులే చాలు. కుర్రవాడు తన పాత వూఫర్ సెట్టును ముందు ఈ విధంగా సర్ది చూసి, సగం ఆరాటం తగ్గిందన్నాడు. మిగిలిన సగం తగ్గలేదు, దాచనవసరం లేదు.

గోడ అవతలివారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన ఇళ్ళకు గోడలు ఉమ్మడివి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. స్వంత ఇంటిలోని పరికరం శబ్దం ఇంటి సరిహద్దు వద్ద ఆ పరిమితిని 5 డెసిబెల్‌లకు మించి దాటరాదు. పరీక్షలకు చదువుకునే పిల్ల, రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రించే మనిషి, బాలింత, ఎవరు ఆ గోడకు అవతల ఉన్నారో నియమావళి చెప్పదు, మనకే తెలుసు. తిలావత్ అయినంత మాత్రాన బలవంతంగా వినిపించే హక్కు రాదు.

సొమ్ము చెల్లించే పద్ధతి దగ్గర నాది కఠినమైన అభిప్రాయం. "నో కాస్ట్ ఈఎంఐ" అన్న పలక చూసి వడ్డీ లేదనుకుంటున్నారు. సున్నా శాతం వడ్డీ అనే పథకాలలో వడ్డీని వేరే రుసుముల చాటున దాచుతున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను అడ్డుకున్నది. నేటి పథకాలలో సాధారణంగా బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంతమేర ధరలో తగ్గింపు ఇచ్చినట్టు దుకాణం చూపుతుంది. క్రెడిట్ కార్డు బిల్లు విప్పి చదివితే వడ్డీ అన్న మాట, దానిపై జీఎస్టీ రెండూ కనబడతాయి. ముస్లిం ఇంటిలో తిలావత్ వినేందుకు ఆ దారిన సాధనం తేవడం నా మనస్సుకు రుచించదు. అవసరమైతే ఆరు నెలలు ఆగవచ్చు. వేలంపాట లేకుండా వంతులవారీగా తీసుకునే చీటీ బంధుమిత్రుల మధ్య వేసుకోవచ్చు. అందులో ఎవరి సొమ్ము వారికి ఎక్కువ తక్కువలు లేకుండా తిరిగి వస్తుంది.

పంట ఇళ్ళకు మరొక జాగ్రత్త. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడిన తరువాత ఇక్కడి చెరకు రైతులు చాలామంది వరివైపు మళ్ళారు. ధాన్యం సొమ్ము చేతికి వచ్చిన వారంలో ప్రతి వస్తువూ చవకగానే కనబడుతుంది. తదుపరి కారు విత్తనాలకు, ఎరువులకు, కూలీలకు తీసి పక్కన పెట్టిన తరువాత అదే వస్తువు ధర మళ్ళీ అడిగి చూడండి. దాచిన సొమ్ము నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం గడిస్తే, స్పీకర్ల కొరకే దాచినా దానిపై జకాత్ ఉంటుంది. హనఫీ లెక్కలో నిసాబ్ 612.36 గ్రాముల వెండి విలువ. కొని ఇంట వాడుకునే వస్తువుపై జకాత్ లేదు. ఈ సందు చూసి సంవత్సరం నిండే ముందురోజు బజారుకు పరుగెత్తేవారూ ఉన్నారు, వారి సంగతి అల్లాహ్‌కే ఎరుక.

రూ.21,000కు కొత్త జత, యాంప్లిఫయర్ కలిపి నచ్చినది దొరకకపోతే వాడిన వస్తువు తీసుకోవడంలో తప్పులేదు. నాణ్యమైన పాత జత చాలాసార్లు నాసిరకపు కొత్త జత కంటె మేలు. మన దేశంలోనే కలకత్తాకు చెందిన సోనోడైన్ 1970 నుండి స్పీకర్లు తయారుచేస్తున్నది, అటువంటి పాత జతలు కొన్ని ఇళ్ళలో మూలన పడి ఉంటాయి. అమ్మేవారు లోపమేమైనా ఉంటే చెప్పి అమ్మడం వారి బాధ్యత. కొనేవారు చూసుకోవడం కొనేవారి బాధ్యత. ముందుపరదా తీయించి కోన్ చుట్టూ ఉన్న మెత్తని అంచును చూడండి. రబ్బరు అంచు సాధారణంగా చాలాకాలం నిలుస్తుంది. ఫోమ్ అంచు పది పదిహేనేళ్ళకు చివికి, వేలు తాకగానే పొడిగా రాలుతుంది. కోన్‌ను రెండువైపులా వేళ్ళతో సమానంగా, సుతారంగా లోపలికి నొక్కితే గరగర వినబడరాదు. ట్వీటర్ పనిచేస్తున్నదో లేదో దగ్గరగా చెవి పెట్టి వినండి, చాలా పాత పెట్టెలలో అది ఎప్పుడో కాలిపోయి ఉన్నా యజమానికే తెలియదు. రెండు పెట్టెలనూ ఒకదాని తరువాత ఒకటి ఒకే ఆయత్‌తో మోగించి పోల్చండి. తీగలు అతికే చోట తుప్పు ఉంటే ధర తగ్గించమనవచ్చు, అది ఇంట్లోనే శుభ్రం చేసుకునే పని. అంచు చివికినదైతే మార్చేవారు నిజామాబాద్‌లో ఉన్నారో, హైదరాబాద్ పంపాలో ముందే కనుక్కుని ఆ ఖర్చును ధరలో కలిపి లెక్కించండి.